దండెం కిందికి దించొద్దు

శంషాబాద్‌లో మాది జాకెట్లు కుట్టే షాపు. ఒక గది, ఒక మిషన్, నిలబడి బట్ట కత్తిరించే బల్ల, వెనక గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక ఇనుప దండెం. కుట్టి ఇస్త్రీ చేసిన జాకెట్లను హ్యాంగర్లకు వేసి ఆ దండేనికి తగిలిస్తాను. షాపు పెట్టినప్పుడు మా ఆయన యాదగిరి దాన్ని తన ఎత్తు చూసుకుని బిగించాడు. ఆయన తాడిచెట్టంత మనిషి, నేను ఆయన భుజం దాకా వస్తాను. చెయ్యి పూర్తిగా చాచి మడమలు కాస్త లేపితే గాని నాకు అందదు. పదిహేనేళ్లుగా రోజుకు ఎన్నిసార్లు అందుకున్నానో లెక్కలేదు గాని, దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అందినంత కాలం ఎవరం ఆలోచిస్తాం?

తర్వాత నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కుడివైపు, అంటే కత్తెర పట్టే చెయ్యి వైపు.

నేను బతికే ఉన్నాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇట్లాంటివి చదివేటప్పుడు మనిషి ఉందా పోయిందా అని చివరి పేజీ ముందు తిప్పి చూసే అలవాటు నాకూ ఉంది. ఆపరేషన్ గురించి, మందుల గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను రాస్తున్నది ఆపరేషన్ తర్వాత చెయ్యి సంగతి. మన ఆడవాళ్లం ప్రాణం దక్కిందన్న సంతోషంలో ఆ చేతిని మర్చిపోతాం. గుర్తుచేసినా వినం. నేను వినలేదు, అందుకే రాస్తున్నాను.

చలికాలం

స్నానం చేస్తుంటే వేళ్లకు తగిలింది, శనగ గింజంత గడ్డ. నొప్పి లేదు. పెళ్లిళ్ల జాకెట్లు చేతిలో ఉన్నాయని సాకు పెట్టుకుని నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. అసలు కారణం భయం. చెప్పిన రోజు మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబుల లైన్లో ఉన్నాడు. మూడు గంటలు కూర్చుంటే గాని రాని వంతును వదిలేసి, ఖాళీ కారుతో ఇంటికొచ్చాడు. గడపలో నిలబడి "నెల రోజులా?" అని ఒక్క మాటన్నాడు. అదే కారులో దవాఖానకు తీసుకుపోయాడు.

పట్నంలో పెద్ద దవాఖాన. టోకెన్ తీసుకుని కూర్చునే హాలు మా ఊరి ఫంక్షన్ హాలంత ఉంటుంది. అక్కడ ఆడవాళ్లందరూ ముందు ఎదుటి మనిషి ఛాతీ వైపు చూస్తారు, చూసినందుకు సిగ్గుపడి తల దించుకుంటారు. నేనూ అదే చేశాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ మాత్రం తల దించుకోలేదు. పేరు బాలమణి, హిమాయత్ సాగర్ కాడి ఊరు, నాలుగు బర్రెల పాలు అమ్ముతుంది. ఆపరేషనై నెల దాటిందట.

"ఏ పక్కన బిడ్డా?" అని అడిగింది.

"కుడిపక్క."

"నాది ఎడమపక్క పోయింది. ఇగ ఇద్దరం కలిస్తే ఒక మనిషి సక్కగైతం."

నవ్వొచ్చింది. ఆ హాల్లో ఎవరైనా నవ్వొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆమె తన సంచిలోంచి సత్తుపిండి ముద్ద తీసి సగం నాకిచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి నా కడుపులోకి పోయిన మొదటి ముద్ద అదే.

ఆపరేషన్ అయింది. రొమ్ముతో పాటు చంకలో గడ్డలు కూడా తీశారు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకున్నప్పుడు, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు కుట్టు పని చూశాను. ఎవరు కుట్టారోగాని ఒక్కచోట వంకర లేదు. అబ్బ, మంచి చెయ్యి అనుకున్నాను. ఆ తర్వాతే ఏడ్చాను, అద్దం ముందే నేల మీద కూర్చుని, చాలాసేపు.

ఇంటికి పంపేటప్పుడు ఒక నర్సమ్మ చెయ్యి ఎట్లా లేపాలో, ఎట్లా తిప్పాలో చూపించి, బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చింది. "రోజూ చెయ్యాలె, చెయ్యిని కట్టేసుకొని కూసోవద్దు" అని రెండుసార్లు చెప్పింది. నేను తలూపి కాగితం మందుల కవర్లో పెట్టాను. అది మళ్లీ బయటికి రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఎందుకంటే ఇంట్లో మా అత్తమ్మ ఉంది. చెట్టంత మనిషి చేను పని మానేసి నాకోసం కూర్చుంది. ఆమె లెక్కలో ఒంటిమీద కత్తి పడ్డ ఆడది బాలింత కిందే లెక్క. వేడన్నం, వెల్లుల్లి కారం, చెవుల్లో దూది, చల్లగాలి తగలొద్దు, చెయ్యి కదపొద్దు.

"కదిపితే కుట్లు తెగుతయ్ బిడ్డా, నా మాటిను" అని తన పాత నూలు చీర చింపి, చేతిని మడిచి, మెడకు జోలె కట్టింది. తల దువ్వింది, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. అమావాస్యకు నిమ్మకాయ తిప్పింది. నేను వద్దన్నానా? అంత సేవ నాకు పుట్టింట్లో కూడా జరగలేదు. రెండు నెలలు నా కుడిచెయ్యి పసిపిల్లలా ఆ జోలెలో పడుకుంది.

ఎండాకాలం

మందుల సెలైన్లు ఎక్కుతుంటే జుట్టు పోయింది, గోళ్లు నల్లబడ్డాయి, నీళ్లు కూడా ఇనుము రుచి పట్టాయి. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. ఒక్కొక్కటి దాటాక మా ఆయన క్యాలెండర్‌లో ఆ తేదీని అడ్డంగా కొట్టేసేవాడు. చివరిది కొట్టేసిన రోజు అత్తమ్మ పరమాన్నం వండింది. ఇక అంతా అయిపోయిందని ముగ్గురం అనుకున్నాం.

జోలె తీసేశాక చూస్తే చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. చంకలో ఎవరో దారం లాగి ముడేసినట్టు పట్టేసేది. జడ వేసుకోవడానికి జుట్టు లేదు కాబట్టి ఆ బాధ తెలియలేదు. వెనక హుక్కులు పెట్టుకోలేక ఇంట్లో నైటీలు, బయటికి ముందు హుక్కుల జాకెట్లు వేసుకున్నాను. నొప్పి తగ్గితే అదే లేస్తుందిలే అనుకున్నాను.

షాపు మళ్లీ తెరిచిన రోజు మా ఆయన నా కళ్లు మూసి లోపలికి తీసుకుపోయాడు. తెరిచి చూస్తే దండెం నా ఛాతీ ఎత్తుకు దిగి ఉంది. గోడకు కొత్తగా రంధ్రాలు పెట్టి తనే బిగించాడు.

"ఇగ నీకు పరేషాన్ లేదు సువర్ణా. చెయ్యి లేపే పనే లేదు" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఆ దండెం చూపించాను. "అన్న బంగారమక్కా" అన్నారు వాళ్లు. నిజంగానే బంగారం. ఆ మాట ఇప్పుడూ కాదనను. కాని ఆ రోజు నుంచి నా చెయ్యి ఛాతీ దాకా లేస్తే చాలని నేర్చుకుంది. బల్లమీద బట్ట పరిచి అటు చివరి దాకా కత్తెర నడపాలంటే చెయ్యి సాగాలి. సాగేది కాదు. చిన్న చిన్న పనులు మాత్రం తీసుకున్నాను. హోటళ్లలో పనిచేసే పిల్లల యూనిఫాంలకు కుట్లు పట్టడం, ఫాల్స్ వేయడం, హుక్కులు కుట్టడం.

తర్వాత వాపు మొదలైంది. ముందు గాజులు బిగిశాయి, తీసేశాను. కొన్నాళ్లకు జాకెట్ చెయ్యి బిగుసుకుంది. ఇక్కడ నేను చేసిన పని కుట్టుపని తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు.

మంచి టైలర్ ఎప్పుడూ జాకెట్ చేతికి లోపల అంగుళం బట్ట వదులుతుంది, రేపు మనిషి ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి. నా కుడి చేతి కుట్టు విప్పి పావంగుళం వదులు చేశాను. మూడు వారాలకు మళ్లీ బిగిసింది, మళ్లీ విప్పాను. మూడోసారి విప్పేసరికి లోపల బట్ట అయిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం మొదటి కుట్టు మీదే ఉంది. సందులో నడిచిపోయే మనిషి చుట్టుకొలత కంటితో చూసి చెప్పగలను. నా మెళ్లో ఎప్పుడూ టేపు వేలాడుతూనే ఉంటుంది. అయినా నా చేతిని నేను కొలవలేదు. కొలిస్తే తెలుస్తుందని కొలవలేదు.

వానకాలం

మామూలు చెకప్‌కి పోతే దవాఖాన హాల్లో అటు చివర నుంచి ఎవరో చెయ్యెత్తి ఊపారు. బాలమణి. ఎడమ చెయ్యి, ఆపరేషన్ అయిన వైపు చెయ్యి, చెవికి ఆనేట్టు పైకెత్తి "సువర్ణా, గిటురా" అని పిలుస్తోంది. నేనూ చెయ్యెత్తబోయి ఎడమది ఎత్తాను. ఆమె దగ్గరికొచ్చి నా కుడిచేతిని పట్టుకుని చూసింది. బర్రె కాలు వాచితే చూసినట్టు అటూ ఇటూ తిప్పింది.

"గిదేంది? నువ్వు కసరత్ చేస్తలేవా?"

"ఏం కసరత్?"

ఆమె నా టోకెన్ సంగతి కూడా చూడకుండా కారిడార్ చివరి గదికి లాక్కుపోయింది. "మేడం, జర ఈమెను చూడుండ్రి. నా బిడ్డ లెక్క" అని నన్ను లోపలికి తోసింది.

ఆ గదిలో ఫిజియోథెరపీ చూసే శిరీషగారు ఉన్నారు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, మెత్తగా మాట్లాడుతుంది. ఆమె చేతిలో టేపు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, నా వస్తువే కదా. ముందు ఎడమచేతిని మణికట్టు దగ్గర, మోచేతి పైన, కింద కొలిచి రాసుకుంది. తర్వాత కుడిది. రెండో కొలత రాసేటప్పుడు పెన్ను ఆగింది.

"వాపు ఎప్పటినుంచి ఉందండీ?"

"వారం నుంచి మేడం" అన్నాను.

పైన కొలవడానికి ఆమె నా జాకెట్ చెయ్యిని మెల్లగా పైకి మడిచింది. లోపలి వైపు బయటపడింది. పాత కుట్టు పోయినా సూది రంధ్రాలు పోవు. ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు. ఆమె వాటి మీద వేలు పెట్టి చూసి, ఎడమ చెయ్యి లోపల కూడా చూసింది. అక్కడ ఏమీ లేవు.

"వారంలో మూడుసార్లు విప్పారా?" అంది.

ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నదాన్ని, కుట్టు గురించి అబద్ధమాడలేకపోయాను. మొత్తం చెప్పాను. జోలె, దండెం, అంగుళం బట్ట, అన్నీ.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు గాని, మొహమాటపడలేదు కూడా. "సువర్ణగారూ, ఈ వాపును ఇట్లాగే వదిలేస్తే గట్టిపడుతుంది. అప్పుడు తగ్గించడం చాలా కష్టం. భుజం ఇప్పటికే బిగుసుకుంది. ఇప్పుడు మొదలుపెడితే చాలావరకు తిరిగి వస్తుంది. ఎంతవరకు అంటే మాత్రం నేను మాటివ్వలేను."

"కత్తెర పట్టగలనా మేడం? అది చెప్పండి చాలు."

"మీరు చేసేదాన్ని బట్టి ఉంటుంది. మీ పనిలో చెయ్యి ఎంత పైకి లేవాలి?"

గోడ మీద చూపించాను, దండెం ఉండే ఎత్తు. వెంటనే, "ఇప్పుడు ఆ అవసరం లేదు మేడం, మా ఆయన కిందికి దించాడు" అని కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

"మళ్లీ పైకి పెట్టించండి" అంది.

 ఇంట్లో అడుగు పెట్టగానే మొదలుపెట్టాను. నా నోరు మంచిది కాదని మా వాడకంతా తెలుసు.

"దండెం పైకెక్కించు. పొద్దుగాల్లనే."

"నీ కోసమే దించిన గదా. మళ్ల నువ్వే గులుగుతున్నవ్" అన్నాడు మా ఆయన.

"నువ్వు దండెం దించినవ్, అత్తమ్మ చెయ్యి కట్టేసింది, నేను కుట్లు విప్పిన. ముగ్గురం కలిసి ఈ చెయ్యిని పండవెట్టినం. ఇగ ఇది లేవకుంటే షాపుకు తాళమే."

అత్తమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది. "నేను చేసిన్నా? నేను నీకు చెడు చేసిన్నా బిడ్డా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  చెడు చేసిందని కాదు, ప్రేమగానే చేసింది. కాని ఆ రోజు నాలో అంత మంచితనం లేదు. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన మాత్రం మరునాడు పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి, దండేన్ని పాత రంధ్రాలకు బిగించాడు. కింది రంధ్రాలకు సున్నం పూయబోతే వద్దన్నాను. వాటిని చూస్తూ ఉండాలనిపించింది.

ఇక అసలు పని. చేతికి పొద్దంతా బిగువైన తొడుగు. గుచ్చుకుంటే ఆ చేతికి చీము పట్టే ప్రమాదం ఎక్కువని, సూది పట్టేటప్పుడు వేలికి టోపీ. బీపీ చూడాలన్నా, రక్తం తీయాలన్నా ఎడమ చెయ్యే. బరువు బిందె ఎత్తొద్దు. వీటితో పాటు గోడ. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకుతూ చెయ్యిని పైకి ఎక్కించాలి, పట్టేసిన చోట ఆపి, ఊపిరి బిగబట్టకుండా నిలపాలి. ఎంత ఎత్తు పోయిందో గుర్తు పెట్టుకోమంది శిరీషగారు. నా దగ్గర బట్ట మీద గీసే చాక్ ఉంది. మొదటి రోజు గీత నా గడ్డం దగ్గర పడింది. దండెం అక్కడి నుంచి ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టు కనిపించింది.

ఎంతసేపు నిలపాలో చూసుకోవడానికి గడియారం అక్కర్లేకపోయింది. మా షాపు మీదుగా విమానాలు దిగుతాయి. మోత మొదలవుతుంది, కిటికీ రేకు వణుకుతుంది, మెల్లగా తగ్గిపోతుంది. ఆ మోత పూర్తిగా పోయేదాకా చెయ్యి గోడమీదే. ఇన్నేళ్లూ ఆ మోతను తిట్టుకుంటూ కుట్టాను, ఇప్పుడు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

మూడో రోజు అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ షాపుకొచ్చింది. గోడ పక్కన వేసుకుని కూర్చుంది. నా వైపు చూడకుండా, "ఏది, ఆ బొమ్మల కాయితం జర ఇటియ్యి" అంది. అక్షరం ముక్క రాదు గాని బొమ్మలన్నీ వేలుపెట్టి చూసుకుంది. "ఇది పది సార్లా? ఇందాక తొమ్మిదే చేసినవ్."

అంతే, ఆ రోజు నుంచి దవాఖానలో కూడా లేనంత పెద్ద మేడం నాకు ఇంట్లో దొరికింది. రెండు నెలలు నా చెయ్యిని కట్టి కూర్చోబెట్టిన మనిషే ఇప్పుడు కదలకపోతే ఊరుకోదు. నేను అలసి చెయ్యి దించబోతే, "ఇంకో విమానం పోనియ్" అనేది. ఒక్కోసారి ఆ విమానం అరగంటకు గాని వచ్చేది కాదు.

గీతలు పైకి ఎక్కాయి. ముక్కు, కనుబొమ్మ, నుదురు. తర్వాత ఆగిపోయాయి. పదకొండు రోజులు గీత మీద గీతే పడింది. ఆ రోజుల్లోనే చాలా ఏళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటున్న ఒకామె, కత్తిరించమని ఇచ్చిన పట్టుబట్టను వాపసు అడిగింది. "నీకెందుకు కష్టమక్కా, జర నిమ్మళంగ ఉండు" అంది. నా మీద జాలిపడే చెప్పింది. మడిచి చేతికిచ్చాను. ఆమె సందు దాటాక చాక్ తీసి గోడకేసి కొట్టాను, మూడు ముక్కలైంది. అత్తమ్మ వంగి ముక్కలు ఏరింది. చెయ్యి పోతే పోయింది, ఇంత ఆశ ఎందుకు పెట్టారని అందరి మీదా కోపం వచ్చింది.

బాలమణికి ఫోన్ చేసి, నేనిక చెయ్యనని చెప్పాను.

"ఎన్ని దినాలైంది గీత ఆగి?" అని అడిగింది.

"పదకొండు."

"బర్రె దినాం ఒక్క తీరుగ పాలిస్తదా? ఒకనాడు చెంబు నిండదు. నిండలేదని తెల్లారి పొదుగు కడుగుడు మానుతమా? పో, గోడ కాడికి పో. ఫోన్ చెవుల వెట్టుకొనే పో. నేను ఈడ ఎక్కుతున్న, నువ్వు ఆడ ఎక్కు." ఆమె అటు తన ఇంటి గోడకు, నేను ఇటు షాపు గోడకు. స్పీకర్‌లో ఆమె రొప్పు, బర్రెల అరుపు వినపడుతున్నాయి. ఆ రోజు కూడా గీత పెరగలేదు. నాలుగు రోజుల తర్వాత వేలి మందం పైకి పడింది. అత్తమ్మ ఆ గీతకు కుంకుమ బొట్టు పెట్టింది.

బతుకమ్మ ముందు

బతుకమ్మకు ముందు జాకెట్ల పని మా షాపులో ఊపిరాడనివ్వదు. అప్పటికి చేతి వాపు చాలావరకు దిగింది. శిరీషగారు కొలిచి, రెండు చేతులకూ తేడా ఇప్పుడు ఇంతేనని తన చిటికెన వేలు అంచు చూపించింది. పూర్తిగా పోలేదు, పోకపోవచ్చు కూడా. తొడుగు ఇప్పటికీ రోజూ వేసుకుంటాను. బల్లమీద బట్ట పరిచి కత్తెర నడిపాను, అటు చివరి దాకా. మొదట కత్తిరించిన బట్ట బాలమణిది.

ఆమె జాకెట్ మామూలు జాకెట్ కాదు. ఎడమవైపు లోపల ఒక జేబు కుట్టాను. దాంట్లో దూది ఉండ పెట్టి చూస్తే తేలిగ్గా ఉండి పైకెక్కింది. మెత్తటి నూలు సంచిలో ఆవాలు పోసి, రెండోవైపు బరువుకు సరితూగేదాకా కొంచెం కొంచెం కలిపాను. అప్పుడు కదలకుండా కూర్చుంది. ఉతికేటప్పుడు సంచి బయటికి తీసేయొచ్చు.

"వానల తడిస్తే మొలకలొస్తయేమో" అంది బాలమణి, వేసుకుని అద్దంలో చూసుకుంటూ. తర్వాత పక్కకు తిరిగి చూసుకుంది. ఇంకో పక్కకు తిరిగింది.  చేతి పట్టీ కొంచెం వదులు చేయాలని విప్పి నా దగ్గరే వదిలిపోయింది.

మరునాడు సరిచేసి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్‌కు వేశాను. మా ఆయన రెండు ట్రిప్పుల మధ్య చాయ్ తాగడానికి షాపుకొచ్చి ఉన్నాడు. అలవాటు కొద్దీ హ్యాంగర్ కోసం చెయ్యి చాచాడు.

"జరుగుర. ఆమెను తగిలియ్యనీ" అంది అత్తమ్మ కుర్చీలోంచి.

నేను దండెం కింద నిలబడ్డాను. కుడిచేత్తో హ్యాంగర్ పట్టుకుని పైకి లేపాను. గడ్డం, ముక్కు, నుదురు, గోడమీద ఉన్న గీతలన్నీ దాటింది. చంకలో దారం లాగింది. కొక్కెం దండేనికి తగిలి జారింది. మా ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పైన విమానం మోత మొదలైంది. మడమలు లేపి, ఇంకాస్త చాచాను. కొక్కెం పడింది.

నేను వెంటనే చెయ్యి దించలేదు. దండేన్ని పట్టుకునే నిలబడ్డాను, ఆ మోత పోయేదాకా. నా పెళ్లినాడు కూడా నాకు అంత గర్వం కలగలేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ ఏడుస్తోంది, మా ఆయన చాయ్ చల్లారిపోయింది.

రెండు రోజులకు బాలమణి జాకెట్ కోసం వచ్చింది. తీసివ్వబోయి ఆగాను. "నువ్వే తీస్కో" అన్నాను. ఆమె నన్నొకసారి, దండేన్నొకసారి చూసింది. ఎడమ చెయ్యెత్తి చెట్టు మీది కాయ కోసినట్టు కోసుకుంది. ఆ రోజు నుంచి మా షాపులో అదొక షరతైంది. జేబు జాకెట్ కుట్టించుకునే ఏ ఆడమనిషైనా తన జాకెట్‌ను ఆపరేషనైన వైపు చేత్తో తనే తీసుకోవాలి. ఇప్పుడు శిరీషగారి గదికి వచ్చేవాళ్లు కొందరు మా షాపు చిరునామా అడిగి వస్తున్నారు. వచ్చినవాళ్లకు ముందు గోడమీద గీతలు, కింది రంధ్రాలు చూపిస్తాను. మీ కసరత్తు మీ డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండని, కాని మొదలుపెట్టండని చెప్తాను. ఇంట్లోవాళ్లు ప్రేమతో జోలె కడితే, ఆ ప్రేమను ఉంచుకుని జోలెను విప్పేయమంటాను.

వానలు తగ్గాక బాలాపూర్ నుంచి రేణుక అనే పిల్ల వచ్చింది. ఎయిర్‌పోర్టు పక్కన గోదాముల్లో పనిచేసేదట, ఆపరేషనయ్యాక మానేసింది. చెయ్యిని ఒంటికి అదుముకుని నడుస్తుంది. జాకెట్ తయారయ్యాక దండెం వైపు చూసి, "అక్కా, జర తీసియ్యవా?" అంది.  నేను లేవబోయాను కూడా.

"అందినప్పుడే తీస్కపో బిడ్డా. గప్పటిదాంక అది ఈడనే ఉంటది, యాడికి పోదు" అంది అత్తమ్మ.

వేసుకోవడానికి ఇంకొకటి కుట్టి చేతికిచ్చే పంపాను, నేనేం రాక్షసిని కాదు. కాని దండెం మీది నీలం జాకెట్ అక్కడే ఉండిపోయింది. ప్రతి మంగళవారం వచ్చేది. నా గీతల పక్కన తన గీత గీసుకునేది. అత్తమ్మ లెక్కపెట్టేది. ఒక మంగళవారం మధ్యలోనే ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఇక రాదేమో అనుకున్నాను, వచ్చింది.

నిన్న సాయంత్రం నేను మిషన్ మీద ఉన్నాను. రేణుక లోపలికొచ్చి, ఎవరినీ పలకరించకుండా నేరుగా గోడ దగ్గరికి పోయి, మడమలు లేపి, నీలం జాకెట్ తీసుకుంది.